బొబ్బర్ల కుండలో పొగ ముక్క

(జనవరి మొదటి శనివారం అట్లాంటా శివారులో కొన్ని తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు ఒక డైటీషియన్ చేసిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే. పిల్లలు కావాలంటే ఇక్కడ ముందుకొచ్చి కింద కూర్చోవచ్చు.

కొత్త సంవత్సరం వచ్చి మూడు నాలుగు రోజులే అయింది. మీలో ఎంతమంది ఈ వారంలో, ఆఫీసులోనో పక్కింట్లోనో, బొబ్బర్లూ అన్నమూ కలిపి, పక్కన కాలర్డ్ ఆకుకూర, కార్న్‌బ్రెడ్ అనే మొక్కజొన్న రొట్టె ముక్క పెట్టిన ప్లేటు చూశారు? చేతులెత్తండి. చూడండి, సగం మంది పైనే. అందులో ఎంతమంది తిన్నారు? చాలా చేతులు దిగిపోయాయి. ఎందుకు దిగాయో నాకు తెలుసు. అందులో పంది మాంసం ఉంటుంది. మనలో కొందరు అసలు మాంసమే తినరు, కొందరు మాంసం తిన్నా పంది తినరు, కొందరు తింటారు కానీ బీపీ, కొలెస్ట్రాల్ అని భయపడతారు. మన ఊళ్లలో పంది మాంసం వండుకునే ఇళ్లు ఉన్నాయి, ఆ ఇళ్లను చిన్నచూపు చూసిన మనుషులూ ఉన్నారు, అది కూడా మనం మర్చిపోకూడదు. తినమని ఎవరికీ చెప్పడానికి రాలేదు నేను. ఆ కుండలో ఏముందో, అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఒంటికి ఏం చేస్తుందో చెప్పడానికి వచ్చాను. మనం ఈ జార్జియాలో ఉంటున్నాం, మన పిల్లలు ఇక్కడే పుట్టారు. పక్కింటి వాళ్లు పండగకి ఏం వండుకుంటారో, ఎందుకు వండుకుంటారో మనకి తెలియకపోతే ఎలా?

ముందు వంట సంగతి. బ్లాక్ ఐడ్ పీస్ అంటే మన అలసందలు. కొన్ని ఊళ్లలో బొబ్బర్లు అంటాం. తెల్లటి గింజ మీద నల్ల కన్ను. వాటిని పంది కాలి కీలు ముక్కతో కలిపి గంటల తరబడి మెల్లగా ఉడికిస్తారు. ఆ ముక్కని హ్యామ్ హాక్ అంటారు. గిట్టకి కాస్త పైన, ఎముకా తోలూ నరాలూ ఎక్కువ, మాంసం తక్కువ. దాన్ని ఉప్పులో ఊరబెట్టి, హికరీ లాంటి కట్టెల పొగలో ఆరబెడతారు. ఉల్లిపాయ, కాస్త ఎండుమిర్చి, ఒకటి రెండు బిర్యానీ ఆకులు. అంతే. అన్నంతో కలిపి వండితే దాని పేరు హాపింగ్ జాన్. అన్నం విడిగా పెట్టి, గింజలు పులుసులా పోసుకుంటే అది మామూలు ఇంటి వంట. న్యూ ఆర్లీన్స్ వెళ్తే ఇదే పద్ధతిలో ఎర్ర రాజ్మా, అది సోమవారం వంట, ఎందుకంటే సోమవారం బట్టలు ఉతికే రోజు, పొయ్యి మీద కుండ పెట్టేసి పని చేసుకోవచ్చు. ఊరు మారితే గింజ మారుతుంది. పద్ధతి ఒక్కటే: కుండనిండా గింజలు, అందులో ఒక్క పొగ ముక్క.

ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ మళ్లీ చెప్తాను. కుండనిండా గింజలు, ఒక్క ముక్క.

మన భాషలో మాంసానికి ఒక పాత మాట ఉంది, నంజుడు. నంజుకోవడం అంటే ఏంటి? అన్నం తింటూ మధ్యమధ్యలో కాస్త కొరుక్కోవడం. ఊరగాయ నంజుకుంటాం, అప్పడం నంజుకుంటాం. మాంసం కూడా ఒకప్పుడు అలాంటిదే. గోదావరి వైపు వంకాయలో ఎండు రొయ్యలు వేస్తారు, ఎన్ని వేస్తారు? ఒక గుప్పెడు. ఇంటిల్లిపాదికీ ఆ గుప్పెడే. తెలంగాణలో ఒట్టి తునకలు గోంగూరలో వేస్తారు, రాయలసీమలో ఉప్పుకండ అంటారు. ఉప్పు పట్టించి, దండెం మీద ఆరేసి, దాచుకుని, కావలసినప్పుడు నాలుగు తునకలు తీసి కూరలో వేసుకోవడం. కూర బరువంతా ఆకుది, వాసన తునకది. ఈ దక్షిణాది కుండ కూడా అచ్చం అలాంటిదే. ఆ హాక్ ముక్క తాలింపు పని చేస్తుంది.

ఇప్పుడు గింజ సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఓపిక పట్టండి.

అలసంద పుట్టింది ఆఫ్రికాలో. అక్కడి నుంచి ఎప్పుడో ప్రాచీన కాలంలోనే మన దేశానికి వచ్చేసింది. ఎంత కలిసిపోయిందంటే, మనది కాదని ఎవరైనా అంటే మనం నమ్మం. అది తూర్పు దారి. చాలా కాలం తర్వాత అదే గింజ పడమటి దారి పట్టింది. పశ్చిమ ఆఫ్రికా నుంచి మనుషుల్ని గొలుసులు వేసి ఓడల్లో తెచ్చారు కదా, వాళ్లతో పాటు వచ్చింది.

రాయలసీమ వాళ్లు ఎవరున్నారు ఇక్కడ? చిత్తూరు, కడప, అనంతపురం? మీకు అలసంద వడ గురించి నేను చెప్పక్కర్లేదు. నానబెట్టి, పొట్టు తీసి, కాస్త బరకగా రుబ్బి, పచ్చిమిర్చి, అల్లం, ఉల్లిపాయ కలిపి నూనెలో వేస్తారు. నాటుకోడి పులుసుతో తింటారు. అవునా? ఇప్పుడు వినండి. నైజీరియాలో యోరుబా వాళ్లు ఇవే అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, మిరపకాయ, ఉల్లిపాయ కలిపి నూనెలో వేయిస్తారు. పేరు అకరా. అది ఓడలో బ్రెజిల్ వెళ్లి, బాహియాలో అకరజే అయింది, ఇప్పటికీ తెల్ల బట్టలు కట్టుకున్న ఆడవాళ్లు వీధిలో కూర్చుని పామాయిల్‌లో వేయించి అమ్ముతారు. నేను మొదటిసారి ఒక నైజీరియా స్నేహితురాలి ఇంట్లో అకరా తిన్నప్పుడు కాసేపు మాట రాలేదు. మా అమ్మమ్మ చేతి వడ అది. చట్నీ ఒక్కటే తేడా.

సెనెగల్‌లో ఈ గింజని న్యేబే అంటారు. అన్నమూ న్యేబే కలిపి వండుతారు, అదొక ముఖ్యమైన వంట అక్కడ. అక్కడ ఎక్కువ మంది ముస్లింలు, పంది మాంసం ముట్టరు. మరి కుండకి ఆ ఉప్పు రుచి, ఆ పొగ వాసన ఎక్కడి నుంచి వస్తాయి? ఎండబెట్టిన చేప, పొగబెట్టిన చేప. అర్థమైందా? అంటే అన్నమూ గింజలూ కలిపి, ఉప్పగా పొగగా ఉండే ఒక ముక్క వేసి వండడం అమెరికాకి రాకముందే ఉంది. ఇక్కడికి వచ్చాక చేప పోయి పంది వచ్చింది. ఎందుకంటే యజమాని ఇచ్చింది అదే.

సౌత్ కరొలైనా, జార్జియా తీరంలో వరి పండించారు. కరొలైనా గోల్డ్ అనే వరి. ఆ బురదలో నిలబడి పండించింది ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషులు, వాళ్లలో చాలామంది వరి పండే ప్రాంతాల వాళ్లు, ఆ పని తెలిసిన వాళ్లు. వాళ్ల వారసులే గల్లా గీచీ ప్రజలు. మనకి నాలుగు గంటల దూరంలో సవానా ఉంది కదా, బీచికి వెళ్తాం కదా, అదంతా వాళ్ల ప్రాంతమే. 2006లో అమెరికా కాంగ్రెస్ నార్త్ కరొలైనా నుంచి ఫ్లోరిడా దాకా ఆ తీరాన్ని గల్లా గీచీ వారసత్వ ప్రాంతంగా గుర్తించింది. ఈసారి వెళ్లినప్పుడు బీచి ఒక్కటే చూసి రాకండి.

బానిసలుగా పని చేసిన వాళ్లకి యజమానులు తిండి ఎంత ఇచ్చేవాళ్లు? ఫ్రెడరిక్ డగ్లస్ పేరు వినే ఉంటారు. మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, తప్పించుకుని, 1845లో తన కథ తనే రాసుకున్నాడు. అందులో లెక్క చెప్తాడు: పని చేసే మనిషికి నెలకి ఎనిమిది పౌన్ల పంది మాంసం, లేదా దానికి సరిపడా చేప, ఒక బుషెల్, అంటే ఒక పెద్ద బుట్ట కొలత, మొక్కజొన్న పిండి. ఎనిమిది పౌన్లంటే మూడున్నర కిలోల పైచిలుకు. ముప్ఫై రోజులకి పంచండి. రోజుకి 120 గ్రాములు. తెల్లారుజాము నుంచి చీకటి పడేదాకా పొలంలో ఒళ్లు వంచే మనిషికి అది. కొన్నిచోట్ల, ముఖ్యంగా ఆ వరి తీరంలో, అప్పగించిన పని అయిపోయాక తమ సొంత పెరటి ముక్కలో ఏదైనా పండించుకోనిచ్చేవాళ్లు. అందులో పండించుకున్నవే ఈ గింజలు, ఆకుకూరలు. కుండ నిండింది వాళ్ల పెరట్లోంచి.

ఇదే కుండ పెద్ద ఇంటి వంటగదిలోకి కూడా వెళ్లింది. 1847లో చార్లెస్టన్‌లో సారా రట్లెడ్జ్ అనే ఆవిడ ఒక వంటల పుస్తకం వేయించింది. వాళ్ల నాన్న అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన వాళ్లలో ఒకడు, అంత పెద్ద కుటుంబం. అందులో హాపింగ్ జాన్ ఉంది. కొలతలు వినండి: ఒక పౌను బేకన్, అంటే ఉప్పులో ఊరిన పంది మాంసం, ఒక పింటు, అంటే దాదాపు అరలీటరు, ఎర్ర బొబ్బర్లు, ఒక పింటు బియ్యం. ఒక పింటు గింజలు తూకం వేస్తే పౌను కన్నా తక్కువే. అంటే గింజల కంటే మాంసమే ఎక్కువ. ఇది డబ్బున్న ఇంటి కొలత. కూలి ఇంట్లో ఆ కొలత ఎవరికి కుదురుతుంది? వంట పేరు ఒకటే, కుండలు రెండు. నేను ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా దగ్గరే మొదలుపెడతాను.

ఇంకొకటి. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం అన్నీ తగలబెట్టి, ఇవి పశువుల దాణా అనుకుని బొబ్బర్లు మాత్రం వదిలేసిందనీ, అప్పటి నుంచే దక్షిణాది వాళ్లు ఇవి తింటున్నారనీ మీకు ఎవరైనా చెప్పి ఉంటారు. షెర్మన్ జార్జియా మీదుగా వెళ్లింది 1864లో. పుస్తకంలో అచ్చయింది 1847లో. ఇంక మీరే చూసుకోండి.

మరి జనవరి ఒకటినే ఎందుకు? గింజలు చిల్లర నాణేలు, ఆకుకూర నోట్లు, కార్న్‌బ్రెడ్ బంగారం, ఆ రోజు తింటే ఏడాదంతా డబ్బుంటుందని చెప్తారు. మీ పిల్లలకి కూడా స్కూల్లో అదే చెప్పి ఉంటారు. కానీ నల్లజాతి కుటుంబాల్లో పెద్దవాళ్లని అడిగితే ఇంకో సంగతి చెప్తారు. బానిసత్వం రోజుల్లో జనవరి ఒకటి అంటే గుండె పగిలే రోజు. పాత బాకీలు తీర్చుకోవడానికి యజమానులు మనుషుల్ని అమ్మేవాళ్లు, ఏడాదికి అద్దెకి పంపేవాళ్లు. ఆ రోజు తెల్లారితే అమ్మ ఎక్కడుంటుందో, బిడ్డ ఎక్కడుంటాడో తెలియదు. అలాంటిది 1862 డిసెంబర్ 31 రాత్రి చర్చిల్లో కూర్చుని మేలుకున్నారు, ఎందుకంటే 1863 జనవరి 1 నుంచి బానిసలకి విముక్తి అని అధ్యక్షుడు లింకన్ చేసిన విమోచన ప్రకటన అమల్లోకి వస్తుంది. ఇప్పటికీ డిసెంబర్ 31 రాత్రి ఆ జాగారం ఉంది, వాచ్ నైట్ అంటారు. మర్నాడు పొద్దున్న ఆ కుండ. అందుకని ఎవరైనా మీకు ఆ ప్లేటు ఇస్తే, తినకపోయినా ఫర్వాలేదు, ముఖం మాత్రం తిప్పుకోకండి.

ఇక ఒంటి సంగతి

డైటీషియన్‌గా నా పని ఇది, ఇప్పుడు కాస్త లెక్కలు చెప్తాను.

ఉడికిన బొబ్బర్లు ఒక కప్పు, అంటే దాదాపు 170 గ్రాములు. 200 కేలరీలు. 13 గ్రాముల ప్రొటీన్. 11 గ్రాముల పీచు. 4 మిల్లీగ్రాముల పైన ఐరన్. ఫోలేట్ అనే బి విటమిన్ 350 మైక్రోగ్రాములు, పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 400, గర్భిణులకి 600. ఉప్పు వేయకుండా ఉడికిస్తే సోడియం పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఒక్క కప్పులో ఇదంతా.

పీచు దగ్గర ఆగుదాం. ఆడవాళ్లకి రోజుకి 25 గ్రాములు, మగవాళ్లకి 38 అని ఇక్కడి సిఫారసు. సగటు అమెరికన్ తినేది పదిహేను దాటడం కష్టం. మనం మాత్రం? పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం తెల్లన్నం, రాత్రి మళ్లీ తెల్లన్నం, పప్పు పల్చగా. మనకీ అందడం లేదు. పీచు ఎంత పని చేస్తుందో చూపించిన ఒక పరిశోధన 2015లో వచ్చింది. పిట్స్‌బర్గ్‌లో ఉండే ఇరవై మంది ఆఫ్రికన్ అమెరికన్లు, దక్షిణాఫ్రికా పల్లెల్లో ఉండే ఇరవై మంది, వీళ్ల తిండి వాళ్లకి, వాళ్ల తిండి వీళ్లకి మార్చారు. ఎన్నాళ్లు? రెండే రెండు వారాలు. పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న ఆఫ్రికా తిండి తిన్న అమెరికన్ల పెద్దపేగులో వాపు తగ్గింది, క్యాన్సర్ ముప్పుకి సంబంధించిన గుర్తులు తగ్గాయి. అటు అమెరికా తిండి తిన్న పల్లె వాళ్లకి అవే గుర్తులు పెరిగాయి. రెండు వారాల్లో అండి.

అన్నమూ గింజలూ కలపడంలో కూడా తెలివి ఉంది. ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో లైసీన్ బియ్యంలో తక్కువ, బొబ్బర్లలో ఎక్కువ. మెథియోనిన్ అనే ఇంకోటి బొబ్బర్లలో తక్కువ, బియ్యం ఆ లోటు తీరుస్తుంది. మన పులగం, పప్పన్నం, ఇడ్లీ, అన్నిట్లోనూ ఇదే లెక్క. ఈ లెక్క ఎవరూ ప్రయోగశాలలో కనిపెట్టి వంటింటికి పంపలేదు, వంటింట్లో ముందే ఉంది. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం కొలత తిప్పుకోండి. రెండు గరిటెల గింజలకి ఒక గరిటె అన్నం.

మన దగ్గర పప్పు కట్టు అంటాం కదా, ఉడికిన పప్పు మీద తేరిన నీళ్లు, దానితో చారు పెడతాం. వీళ్లు కూడా ఆకుకూర ఉడికిన నీళ్లు పారబోయరు. దానికి పాట్ లిక్కర్ అని పేరు పెట్టి కార్న్‌బ్రెడ్ ముంచుకుని తింటారు. ఫోలేట్ నీళ్లలోకి దిగిపోతుంది, పొటాషియం దిగిపోతుంది, అందుకని ఆ నీళ్లు తాగడం మంచి అలవాటు. ఒక్క మాట, ఆ నీళ్లలో ఉప్పు ఎంత ఉందో చూసుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పొటాషియం సంగతి డాక్టర్‌ని అడిగి తాగాలి. రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ వేసుకునే వాళ్లు ఎవరైనా ఉన్నారా ఇంట్లో? కాలర్డ్ ఆకులో విటమిన్ కె చాలా ఎక్కువ. మానక్కర్లేదు, కానీ ఒకరోజు బండెడు, మరోరోజు ఏమీ లేకుండా కాకుండా, ఎప్పుడూ ఒకే మోతాదులో తినాలి. డాక్టర్‌కి చెప్పి తినాలి.

ఇప్పుడు ముక్క సంగతి. దాచేది ఏమీ లేదు, చెప్తాను. మూడు విషయాలు: ఉప్పు, పొగబెట్టిన మాంసం కావడం, కొవ్వు.

ఉప్పు అన్నిటికంటే పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 2000 మిల్లీగ్రాముల సోడియం కంటే తక్కువ ఉండాలంటుంది, అంటే ఐదు గ్రాముల ఉప్పు, ఒక టీ చెంచా లోపే. ఇక్కడి ప్రభుత్వం 2300 అంటుంది. ఉప్పులో ఊరిన మాంసం కుండలో పడితే, పైన మళ్లీ ఉప్పు వేస్తే, ఆ పైన ప్యాకెట్ మసాలా వేస్తే, రెండు గరిటెలతోనే రోజు కోటాలో చాలా భాగం అయిపోతుంది. మనం నవ్వుకోవడానికి లేదు, ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయ ఒకే పూట తినేది మనమే.

రెండోది. ఉప్పులో ఊరబెట్టిన, పొగబెట్టిన మాంసాలు మనుషుల్లో క్యాన్సర్‌కి కారణమవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో తేల్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. సిగరెట్లున్న జాబితాలోనే దీన్నీ పెట్టారు కాబట్టి సిగరెట్టంత ప్రమాదం అనుకోకండి. సాక్ష్యం అంత గట్టిగా ఉంది అని దాని అర్థం. అయితే గమనించండి: రోజూ, 50 గ్రాములు. ఎనిమిది మంది తినే కుండలో ఒక హాక్ వేస్తే మనిషికి ఒకటి రెండు చిన్న ముక్కలు వస్తాయి. ఏడాదికి కొన్ని సార్లు. ఆ తేడా చిన్నది కాదు.

మూడోది కొవ్వు. అది తీసేయడం చాలా తేలిక, చెప్తాను. హాక్‌లో జిగురు మాత్రం ఎక్కువ, ఆ తోలూ నరాలూ కరిగి పులుసు చిక్కబడుతుంది. ఎముకల పులుసు బలం అని మనవాళ్లు నమ్ముతారు కదా. ఆ జిగురులో ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం అసలు లేదు. అందుకని దాన్నే నమ్ముకుంటే ప్రొటీన్ సరిగ్గా అందదు. కుండలో బలం ఇచ్చేది గింజే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చేది. సౌత్ కరొలైనా తీరంలో పుట్టి పెరిగిన మనిషి. ఇక్కడి పద్ధతిలో పేరుకి ముందు మిస్ అని కలిపి పిలిచేదాన్ని, మనం పిన్నీ, అత్తా అన్నట్టు. బీపీ బాగా ఎక్కువ. ఏం తింటారు అని అడిగితే మొదట ఈ కుండ గురించే చెప్పింది, ఎంతో సంతోషంగా చెప్పింది. నేను కాగితం మీద గీత కొట్టేసి, ఇది పూర్తిగా మానేయండి అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. తర్వాత రెండు అపాయింట్‌మెంట్లకి రాలేదు. మూడోసారి వచ్చినప్పుడు నేనే అడిగాను, ఎందుకు రాలేదని. మా అమ్మ వండింది, మా అమ్మమ్మ వండింది, అది మానేయమంటే నేనేం మానేయాలో నీకు తెలుసా అంది. నాకు తెలియదు. నిజంగా తెలియదు. అప్పుడు కూర్చుని, మీ అమ్మగారు ఎలా వండేవారో చెప్పండి అన్నాను. చెప్పింది. ఎనిమిది మంది పిల్లలు, ఒక్క ఎముక. అదే ఎముక కొన్నిసార్లు రెండో కుండలోకి కూడా వెళ్లేదట. మరి ఇప్పుడు మీరు ఎలా వండుతున్నారు? రెండు హాక్‌లు, ఒక సాసేజ్ ప్యాకెట్, కాస్త బేకన్, పైన ఉప్పు ఉన్న మసాలా పొడి. తినేది ఇద్దరు. పక్కన వేయించిన చికెన్, చక్కెర వేసిన టీ.

మానేయాల్సింది కుండ కాదని నాకు అప్పుడు అర్థమైంది. వాళ్లమ్మ కుండ దగ్గరికి వెనక్కి వెళ్తే చాలు. అలాగే చేసింది ఆవిడ. బీపీ మందులు ఆగలేదు, కానీ డాక్టర్ మోతాదు తగ్గించగలిగారు. ఇది ఒక్క మనిషి కథ, అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను.

పెద్ద లెక్కలు కూడా ఉన్నాయి. మనం ఉన్న ఈ ఆగ్నేయ రాష్ట్రాలని స్ట్రోక్ బెల్ట్ అంటారు, పక్షవాతం ఇక్కడ అంత ఎక్కువ. బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయం వాళ్లు 2003 నుంచి 2007 దాకా 45 ఏళ్లు దాటిన 30 వేల మందిని చేర్చుకుని ఏళ్ల తరబడి చూశారు. దక్షిణాది తిండి తీరు అని వాళ్లు పేరు పెట్టినది ఎక్కువగా తినేవాళ్లకి గుండె జబ్బు ముప్పు 56 శాతం ఎక్కువ అని 2015లో తేలింది. ఆ తీరులో ఏమున్నాయి? వేపుళ్లు, వంటలో అదనంగా వేసే కొవ్వులు, గుడ్లు, లివర్ లాంటివి, ఊరబెట్టిన మాంసాలు, చక్కెర పానీయాలు. బొబ్బర్లు లేవు. కాయగూరలు, పండ్లు, చేపలతో పాటు గింజలు వేరే తీరులో లెక్కకి వచ్చాయి. మన దక్షిణాసియా వాళ్లకి గుండె జబ్బు ముప్పు ఎలాగూ ఎక్కువని ఇక్కడి కొలెస్ట్రాల్ మార్గదర్శకాలే 2018లో చెప్పాయి. అందుకని ఈ లెక్క మనకీ సంబంధించినదే.

ఈ గింజని పేదవాళ్ల పొలంలోకి, పళ్లెంలోకి తేవాలని పట్టుబట్టిన మనిషి జార్జ్ వాషింగ్టన్ కార్వర్, నల్లజాతి వ్యవసాయ శాస్త్రవేత్త. ఇక్కడికి రెండు గంటల దూరంలో టస్కీగీలో పని చేశాడు. అందరూ వేరుశెనగ ఒక్కటే చెప్తారు. కానీ బొబ్బర్లు ఎలా వండుకోవాలో రైతుల కోసం 1908లో ఒక చిన్న పుస్తకం వేశాడు. పత్తి వేసి వేసి నేల చచ్చిపోయింది, బొబ్బర వేస్తే నేలకి నత్రజని వస్తుంది, ఇంటికి ప్రొటీన్ వస్తుంది. పత్తి, అప్పు, నీరసించిన నేల, ఈ మూడూ మన రైతు బిడ్డలకి నేను వివరించాలా?

వండుకునే పద్ధతి

రాసుకునే వాళ్లు రాసుకోండి. ఒక పౌను గింజలకి ఒక్క హాక్. ముందు హాక్‌ని చన్నీళ్లలో వేసి పది నిమిషాలు మరిగించి ఆ నీళ్లు పారబోయండి, ఉప్పు కొంత పోతుంది. మళ్లీ మంచి నీళ్లు పోసి ఉల్లిపాయతో రెండు గంటలు సన్నసెగ మీద ఉంచండి, ప్రెషర్ కుక్కర్‌లో అయితే ముప్పావు గంట చాలు. ఆ నీళ్లు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున్నకి కొవ్వు పైన తెల్లగా గడ్డకడుతుంది, గరిటెతో ఎత్తి తీసేయండి. అందులో గింజలు వేసి ఉడికించండి. బొబ్బర్లు రాజ్మాలాగా మొండివి కావు, గంటలోపే మెత్తబడతాయి. కడుపుబ్బరం వచ్చే వాళ్లు మాత్రం నానబెట్టి ఆ నీళ్లు పారబోసుకోండి. ఉప్పు చివర్లో, అది కూడా రుచి చూశాకే. డబ్బా గింజలైతే వార్చి, కుళాయి కింద బాగా కడగండి, సోడియం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. తినేటప్పుడు నిమ్మరసం పిండుకోండి, గింజలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. భోజనంతో పాటు టీ, కాఫీ మాత్రం వద్దు, ఆ ఐరన్‌ని అవి అడ్డుకుంటాయి.

పంది వద్దనుకునే వాళ్లకి పొగబెట్టిన టర్కీ రెక్క దొరుకుతుంది, ఇక్కడి నల్లజాతి కుటుంబాల్లో చాలామంది ఇప్పుడు అదే వాడుతున్నారు. కొవ్వు తక్కువే, ఉప్పు మాత్రం తక్కువ కాదు, దాన్ని కూడా ఒకసారి మరిగించి వార్చాలి. శాకాహారులకి ఒక చిట్కా. బిర్యానీలో వేసే నల్ల యాలకులు ఉన్నాయి కదా, పెద్ద యాలకులు, వాటిని పొగలోనే ఎండబెడతారు. కుండకి రెండు చిదిమి వేయండి. ఉల్లిపాయని మంట మీద నల్లగా కాల్చి వేయండి. ఎండు పుట్టగొడుగులు నాలుగు, పొగబెట్టిన పాప్రికా ఒక చెంచా. ఆ పెద్దావిడకి ఒకసారి ఇలా వండి తీసుకెళ్లాను. రెండు చెంచాలు తిని, ఎముక ఎక్కడ దాచావు అని అడిగింది.

మిగిలితే జనవరి రెండున తింటారు, దానికి స్కిపింగ్ జెన్నీ అని ఇంకో పేరు.

వెనక బల్ల మీద రెండు గిన్నెలు పెట్టాను. ఎర్ర మూత ఉన్న దాంట్లో హాక్ ఉంది, ఆకుపచ్చ మూత దాంట్లో ఏ మాంసమూ లేదు, గరిటెలు కూడా వేరు, దయచేసి కలపకండి. కాలర్డ్ ఆకు మాంసం లేకుండానే వెల్లుల్లి తాలింపుతో చేశాను. మా అక్క పొద్దున్నే లేచి అలసంద వడలు వేసింది, అవి తక్కువే ఉన్నాయి, పిల్లలకి ముందు ఇవ్వండి. నిమ్మకాయ బద్దలు చివర్లో చిన్న గిన్నెలో ఉన్నాయి.